పాత సైన్యాల ఉక్కు మ్యాగజైన్లు: రేకు ఒకటే అయినా నాణ్యత ఎందుకు వేరు?

2025 అక్టోబరు 17న జగ్‌దల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయి 153 ఆయుధాలు అప్పగించారు. అందులో 19 ఏకే-47లు, 23 ఇన్సాస్‌లు, 17 ఎస్ఎల్ఆర్‌లు, 36 .303 రైఫిళ్లు ఉన్నాయి. ఆ ఫోటోలు, వీడియోలు ములుగు, భూపాలపల్లి, హనుమకొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరిగాయో చెప్పక్కర్లేదు. వాటి కింద మొదలైన చర్చ మాత్రం తమాషాగా ఉంది. రాజకీయం పక్కకు పోయి, మాటంతా మ్యాగజైన్ల మీదికి, అంటే తూటాలు నింపి తుపాకీకి తగిలించే డబ్బాల మీదికి మళ్లింది. "రష్యాది అయితే వందేండ్లు ఉంటది, చైనా మాల్ అయితే అంతే సంగతి" అని ఒకరు, "గేమ్‌లో ఏకేఎంకు ఎక్స్‌టెండెడ్ మ్యాగ్ పెడితే 40 వస్తయి కదా, ఇవి చిన్నగున్నయేంది" అని ఇంకొకరు. ఎన్‌సీసీ చేసిన పిల్లలు ఒక మాట, రిటైరైన జవాన్లు ఇంకో మాట.

ఈ చర్చ మన దగ్గర పుట్టింది కాదు. సైన్యాలు వదిలించుకున్న పాత ఉక్కు మ్యాగజైన్లలో ఏ దేశానివి మేలు అన్నది అమెరికా లాంటి చోట్ల ముప్పై ఏళ్లకు పైగా నలుగుతున్న వాదన. అక్కడ అవి బహిరంగంగా అమ్ముడుపోతాయి కాబట్టి వాళ్లకు అది జేబుకు సంబంధించిన విషయం. మనకు కొనే పని లేదు, కొనకూడదు కూడా, ఆ సంగతి తర్వాత చెప్తాను. కానీ ఒక రేకు డబ్బా మంచిదా కాదా అని ఎలా తేలుస్తారు అన్నది మాత్రం ఆసక్తికరమైన ఇంజినీరింగ్ ప్రశ్న.

డబ్బా లోపల ఏముంటుంది

మ్యాగజైన్‌లో నాలుగే ముఖ్యమైన భాగాలు. బయట కనిపించే రేకు బాడీ, లోపల తూటాలను కింది నుంచి మోసే ప్లాట్‌ఫామ్, దాన్ని పైకి తోసే స్ప్రింగు, అడుగున మూసే బాటమ్ ప్లేట్. ప్లాట్‌ఫామ్‌నే అమెరికా వాళ్లు ఫాలోవర్ అంటారు, మన ఫౌజీలు ప్లాట్‌ఫామ్ అనే అంటారు. బాడీ పైఅంచులు రెండు వైపులా లోపలికి వంగి ఉంటాయి, వాటిని లిప్స్ అంటారు. పై తూటా ఎగిరిపోకుండా పట్టుకునేవి అవే, బోల్ట్ (తూటాను తుపాకీ గొట్టంలోకి నెట్టే లోహపు దిమ్మె) వచ్చి తోసినప్పుడు సరైన కోణంలో వదిలేవీ అవే.

పని వినడానికి తేలికే. బోల్ట్ వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వచ్చే ఆ అతి తక్కువ వ్యవధిలో స్ప్రింగు మొత్తం తూటాల వరసను ఒక మెట్టు పైకి నెట్టాలి, పై తూటా లిప్స్‌కు ఆనుకుని సిద్ధంగా ఉండాలి. స్ప్రింగు నెమ్మదించినా, బాడీ లోపల ఎక్కడో గీరుకున్నా, లిప్స్ కోణం మారినా తుపాకీ ఆగిపోతుంది. ఆగినప్పుడు అందరూ తుపాకీనే తిడతారు. బ్రిటన్ సైన్యం ఎస్ఏ80 రైఫిల్ ఆగిపోతోందని చాలాకాలం గొడవ పడి, చివరికి 2000లో జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్‌కు మరమ్మతు ఒప్పగిస్తే, మార్చిన వస్తువుల జాబితాలో మ్యాగజైన్ కూడా ఉంది.

ఇక ఏకే మ్యాగజైన్ వంకరగా ఎందుకు ఉంటుందంటే, దానిలో వాడే 7.62×39 తూటా కేస్, అంటే మందు ఉండే గొట్టం, అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. అలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే వరస దానంతట అదే వంగుతుంది. అందం కోసం చేసింది కాదది.

మందం ఒక్కటే చూస్తే పొరపడతాం

ఏకే-47 తొలి మ్యాగజైన్లు నున్నటి పక్కలతో ఉండేవి. 1 మిల్లీమీటరు రేకు, ఖాళీగా 0.43 కిలోలు. తర్వాత దాని మెరుగైన రూపం ఏకేఎం కాలానికి రేకు పలచన చేసి, పక్కలకు గట్టి గాడులు కొట్టారు. బరువు 0.33 కిలోలకు దిగింది. బరువు తగ్గింది కాబట్టి నాణ్యత తగ్గినట్టే అని చాలామంది అనుకుంటారు, చేతిలో బరువుగా ఉంటే గట్టిదని నమ్మే అలవాటు మనకూ బాగానే ఉంది.

నిజానికి చదునైన రేకు వంగకుండా నిలబడే శక్తి దాని మందం ఘనంతో మారుతుంది. మందం సగం చేస్తే ఆ శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మరి పలచన చేసి ఎలా నెగ్గుకొచ్చారు? గాడులతో. పశువుల కొట్టం మీద వేసే జింకు రేకు చూడండి, అలలు లేకపోతే మనిషి బరువుకే కూలబడుతుంది, అలలు ఉంటేనే నిలబడుతుంది. మ్యాగజైన్ పక్కల మీది గాడులు చేసేది ఆ పనే. కాబట్టి నున్నటి పాతదాన్ని, గాడుల కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి బరువుతో తీర్పు చెప్పడం కుదరదు.

బరువు వల్ల ఏం తేడా వస్తుందో ఒకసారి లెక్కేద్దాం. సైనికుడు ఐదు మ్యాగజైన్లు మోస్తున్నాడనుకుందాం. ఒక్కో తూటా సుమారు 16 గ్రాములు, 30 తూటాలకు 480 గ్రాములు, ఐదింటికి 2.4 కిలోలు. ఇది మారదు. పాత నున్నటి మ్యాగజైన్లయితే ఖాళీ బరువే 2.15 కిలోలు, మొత్తం 4.55. గాడులవి అయితే 1.65 కలిపి 4.05. తర్వాత వచ్చిన ఎర్రటి ప్లాస్టిక్‌వి ఒక్కోటి 0.24 కిలోలు, అవి ఐదు 1.2, మొత్తం 3.6. మొదటిదానికీ చివరిదానికీ 950 గ్రాముల తేడా. అంటే అదే బరువులో నిండా నింపిన ఇంకో ప్లాస్టిక్ మ్యాగజైన్ పెట్టుకుని, ఇంకా పావు కిలోకు దగ్గరగా మిగుల్చుకోవచ్చు. సైన్యాలు ఉక్కును వదిలి ప్లాస్టిక్ వైపు ఎందుకు వెళ్లాయో ఈ లెక్కే చెప్తుంది. ఉక్కు చెడ్డదని కాదు. మధ్యలో 0.19 కిలోల అల్యూమినియం మ్యాగజైన్ కూడా చేసి చూశారు, అది మరీ సున్నితమని తేలి త్వరగానే వెనక్కి తీసుకున్నారు. ఆ ఎర్రటి ప్లాస్టిక్‌ను అందరూ బేకలైట్ అంటారు గానీ అది గాజుపీచు కలిపిన వేరే రెసిన్, లోపల ఉక్కు బలం ఇచ్చింది.

ఎక్కడ చెడిపోతుంది: లిప్స్, సొట్టలు, స్ప్రింగు

ఉక్కు ఎంత మంచిదో అడిగేవాళ్లు ఎక్కువ, లిప్స్ ఎలా ఉన్నాయో అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది రెండోది. ఏకే ఉక్కు మ్యాగజైన్‌కు లిప్స్ దగ్గర అదనపు మందం ఇచ్చారు, తుపాకీకి తగులుకునే ముందు, వెనక కొక్కేల్లాంటి భాగాలను విడిగా చేసి వెల్డ్ చేశారు. కింద పడేసినా లిప్స్ అంత తేలిగ్గా వంగవు. అదే అమెరికా ఎం16 రైఫిల్ అల్యూమినియం మ్యాగజైన్ చూడండి, తేలిక, చవక, పాడైతే పారేద్దాం అనే లెక్కలో పుట్టింది. దాని లిప్స్ కొంచెం తెరుచుకున్నా రెండు తూటాలు ఒకేసారి పైకి వచ్చి ఇరుక్కుంటాయి.

.303ది ఇంకో కథ. ఆ తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి, వెనక పడిందా, ఒకదానికొకటి తగులుకుని కదలదు. పైగా ఆ తూటా కాల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు పది తూటాల మ్యాగజైన్ ఉన్నా, దాన్ని తీసి ఇంకోటి పెట్టడం సైన్యం పద్ధతి కాదు. మ్యాగజైన్ తుపాకీకే ఉండేది, చార్జర్లతో, అంటే ఐదేసి తూటాలు పట్టే రేకు క్లిప్పులతో పైనుంచి నింపేవాళ్లు. అందుకే ఒక రైఫిల్‌లో బాగా నడిచిన .303 మ్యాగజైన్ ఇంకో రైఫిల్‌లో మొరాయించడం వింత కాదు. అక్కడ "నాణ్యత లేదు" అనడం అన్యాయం, అది మార్చుకోవడానికి చేసిన వస్తువే కాదు. ఏకే మ్యాగజైన్ మొదటి నుంచీ మార్చుకోవడానికే పుట్టింది, దాన్ని ఆ కొలతతో కొలవడం న్యాయమే.

సొట్టల విషయంలో ఉక్కు, ప్లాస్టిక్ వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఉక్కు వంగి వంగినట్టే ఉండిపోతుంది. మంచి ప్లాస్టిక్ లోపలికి నొక్కుకుని మళ్లీ బయటికి వస్తుంది, లేదా పగిలిపోతుంది. పగిలితే కనీసం కంటికి తెలుస్తుంది. ఉక్కు సొట్ట చిన్నదిగా కనిపిస్తూ లోపల ప్లాట్‌ఫామ్‌ను సరిగ్గా ఒక చోట గీరుతుంటుంది, పదిహేనో తూటా దాకా బాగా నడిచి అక్కడ తడబడుతుంది. సొట్ట ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. గాడి మీద పడితే లోపలికి తగలకపోవచ్చు, రెండు గాడుల మధ్య పడితే తగలొచ్చు.

స్ప్రింగు మీద ఎడతెగని తగాదా ఒకటుంది. నింపి ఏళ్ల తరబడి ఉంచేస్తే స్ప్రింగు చచ్చిపోతుంది అని ఒక వర్గం. మామూలు హద్దులో నొక్కి ఉంచినందుకు స్ప్రింగు అలసిపోదు, పదేపదే నొక్కి వదిలితేనే అలుస్తుంది అని ఇంకో వర్గం. లోహశాస్త్రం చాలావరకు రెండోవాళ్ల వైపే ఉంది. సరిగ్గా వేడిచికిత్స చేసిన స్ప్రింగు మొదట్లో కొద్దిగా పొడవు తగ్గి, తర్వాత స్థిరపడుతుంది. అలాగని మొదటివాళ్లు గాలిలో మాట్లాడుతున్నారని కాదు. వేడిచికిత్స సరిగ్గా జరగని స్ప్రింగు, లేదా హద్దుకు మించి నొక్కేలా డిజైన్ చేసిన మ్యాగజైన్‌లోది నిజంగానే కుంగుతుంది, వాళ్లు చూసింది అలాంటిదే అయ్యుండొచ్చు. తుప్పు పట్టిన స్ప్రింగు సంగతి వేరు, తుప్పు గుంట పడ్డ చోటే తీగ విరుగుతుంది.

సర్‌ప్లస్ ఎక్కడి నుంచి వచ్చింది, మన దగ్గర ఎందుకు లేదు

సైన్యం కొత్త ఆయుధానికి మారినప్పుడో, సైన్యమే చిన్నదైనప్పుడో మిగిలిపోయే సరుకే సర్‌ప్లస్. 1989–91లో తూర్పు యూరప్ ప్రభుత్వాలు కూలి, సోవియట్ కూటమి దేశాల సైనిక ఒప్పందమైన వార్సా ఒప్పందం రద్దయ్యాక గోదాముల నిండా ఉన్న ఏకే సామాను బయటికి వచ్చింది. పోలండ్, హంగరీ, రొమేనియా, బల్గేరియా, ముక్కలైన యుగోస్లావియా, ఇలా ఎక్కడెక్కడి మ్యాగజైన్లో అమెరికా చేరాయి. 1994 సెప్టెంబరులో అమెరికా పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ల కొత్త తయారీ, అమ్మకం మీద పదేళ్ల నిషేధం పెట్టింది. అంతకు ముందు తయారైనవాటికి మినహాయింపు ఇచ్చింది. దాంతో పాత సరుకుకు కొత్త విలువ వచ్చింది. 2004లో ఆ చట్టం గడువు తీరింది, గిరాకీ మాత్రం ఆగలేదు.

మన దేశంలో ఇలాంటి బజారు లేదు. 1959 ఆయుధాల చట్టం ఆయుధం అన్న మాటలోనే దాని భాగాలను కూడా కలిపింది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వదిలేదాకా లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉండే తుపాకీ నిషిద్ధ ఆయుధం. ఏకే దాని కిందికే వస్తుంది. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం దగ్గర పెట్టుకుంటే శిక్ష ఏడు నుంచి 14 ఏళ్లు. ఖాళీ డబ్బానే కదా అని ఏటూరునాగారం అడవిలో దొరికినదాన్ని ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టుకునే వస్తువు కాదన్నమాట.

ఏ దేశానిది మేలు: రెండు వాదనలు

ఫ్యాక్టరీయే ముఖ్యం అనేవాళ్ల వాదనలో బలం ఉంది. తేడాలు నిజంగానే ఉన్నాయి. యుగోస్లావియా ఎం70 మ్యాగజైన్ ప్లాట్‌ఫామ్ వెనక భాగాన్ని చివరి తూటా అయిపోగానే బోల్ట్‌ను వెనకే ఆపేలా మలిచారు, ఖాళీ అయ్యిందని సైనికుడికి వెంటనే తెలుస్తుంది. మామూలు ఏకేలో అలా ఉండదు, ట్రిగ్గర్ నొక్కితే టక్‌మని శబ్దం వచ్చినప్పుడే తెలుస్తుంది. కానీ దీనికీ ఒక తిరకాసు ఉంది. బోల్ట్ ఒత్తిడంతా ప్లాట్‌ఫామ్ మీద పడటంతో మ్యాగజైన్ ఊడదీయడానికి బలం ఎక్కువ కావాలి, తీసీ తీయగానే బోల్ట్ ముందుకు వెళ్లిపోతుంది. అది గుణమా దోషమా అంటే వాడేవాడి అలవాటును బట్టి. చైనా మ్యాగజైన్లలో చాలావాటికి వెనక వైపు నిలువు గట్టు ఉండదు, వీపు చదునుగా ఉంటుంది. చూసేవాళ్లకు అది లోపంలా అనిపిస్తుంది గానీ, అదొక తయారీ పద్ధతి, అంతే. పోలండ్ రాదోమ్ ఫ్యాక్టరీ ముద్ర వలయంలో 11, బల్గేరియాది వలయంలో 10, రష్యా ఫ్యాక్టరీల్లో ఇజెవ్స్క్‌ది త్రికోణంలో బాణం, తూలాది నక్షత్రం. సేకరించేవాళ్లు ఈ ముద్రలను చూసే ధర కడతారు. పూతలోనూ తేడాలున్నాయి. ఒకచోట నీలి నలుపు బ్లూయింగ్, ఒకచోట ఫాస్ఫేట్ పూత, ఇంకోచోట దాని మీద నల్ల పెయింట్. బ్లూయింగ్ చూడటానికి బాగుంటుంది, తుప్పును ఆపడంలో బలహీనం. ఫాస్ఫేట్ నూనెను పీల్చి పట్టుకుంటుంది. మీద పెయింట్ కూడా ఉంటే ఇంకా నయం, అది పెచ్చులుగా ఊడనంత వరకు.

రెండో వాదన, నేను మొగ్గేది దీని వైపే. ఇవన్నీ ఒకే డిజైన్, ఇంచుమించు ఒకే రకం రేకు, దేశాలన్నీ సైన్యం కోసమే చేసినవి, ప్రతి ఒక్కరి తనిఖీ కఠినమే. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత మన చేతికి వచ్చిన మ్యాగజైన్‌లో కనిపించే తేడా చాలావరకు ఫ్యాక్టరీది కాదు, దాని బతుకుది. కాస్మొలీన్ గ్రీజులో ముంచి చుట్టి పెట్టెలో పడుకున్నదానికీ, ఏళ్ల తరబడి జవాను నడుము మీద వానలో, ఇసుకలో తిరిగినదానికీ పోలికేంటి? దీనికి తోడు ఇంకోటి ఉంది. గోదాముల నుంచి సరుకు బయటికి వచ్చినప్పుడు ముందుగా వాడనివి, బాగున్నవి అమ్ముడుపోతాయి, మిగిలినవి తర్వాత వస్తాయి. ఒకాయన మొదట్లో హంగరీవి కొని మెచ్చుకుంటాడు, ఇంకొకాయన ఎన్నో ఏళ్ల తర్వాత అదే హంగరీ సరుకు కొని తిడతాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఇద్దరూ దేశం పేరు మీదే తీర్పు రాసేస్తున్నారు. అమ్మేవాళ్లు రాసే "వెరీ గుడ్", "ఎక్సలెంట్" గ్రేడులు కూడా పైపూత చూసి ఇచ్చేవే, స్ప్రింగు బలం కొలిచి ఇచ్చేవి కావు.

మన అడవుల్లో పోలీసులు బయటికి తీసే డంపుల ఫోటోలు చూసినా ఇదే తెలుస్తుంది. గాలి చొరబడని డ్రమ్ములో పెట్టినవి ఒకలా, నేలలో తడి తగిలినవి ఒకలా. గోదావరి ఒడ్డు తేమకు ఏ దేశపు ముద్ర ఉందో అక్కర్లేదు.

అయితే ఈ రెండో వాదనకూ ఒక హద్దు ఉంది. కొక్కేల కొలతలో వచ్చే తేడా బతుకు వల్ల రాదు, ఫ్యాక్టరీలోనే వస్తుంది. మన ఎస్ఎల్ఆర్ కుటుంబం మొత్తం బెల్జియం ఎఫ్ఏఎల్ రైఫిల్ నుంచి పుట్టినదే, కానీ బ్రిటన్ వైపు అంగుళాల లెక్కలో చేసిన మ్యాగజైన్‌కు ముందు పెద్ద కొక్కెం ఉంటుంది, మెట్రిక్ దానికి చిన్నది. చిన్న కొక్కెం మ్యాగజైన్ బ్రిటన్ రైఫిల్‌లో కాస్త ఊగుతూ పడుతుంది, పెద్ద కొక్కెంది మెట్రిక్ రైఫిల్‌లో అసలు పట్టదు. ఎంత గ్రీజులో దాచినా ఈ తేడా పోదు.

ఇన్సాస్ చెప్పే ఎదురు ఉదాహరణ

ఉక్కే మేలు అనేవాళ్లు మన దగ్గర వెంటనే మన సైన్యం వాడిన దేశీ రైఫిల్ ఇన్సాస్ పేరు ఎత్తుతారు. 1999 కార్గిల్ చలిలో ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్న ఫిర్యాదులు అప్పుడే వచ్చాయి. అది ఉక్కు అయితే పగిలేది కాదు, నిజమే. కానీ దాన్నుంచి ప్లాస్టిక్ అంటేనే పనికిరాదు అని తేల్చేస్తే తొందరపాటు. గాజుపీచు కలిపి, లిప్స్ దగ్గర ఉక్కు పెట్టిన రష్యా ప్లాస్టిక్ మ్యాగజైన్లు వాళ్ల చలిలోనే దశాబ్దాలు నడిచాయి. అమేథీ దగ్గర కోర్వాలో తయారవుతున్న ఏకే-203 రైఫిల్‌కు కూడా ప్లాస్టిక్ మ్యాగజైనే. ఇన్సాస్‌ది పారదర్శకం కావడంతో ఎన్ని తూటాలు మిగిలాయో బయటికి కనిపిస్తుంది, ఉక్కుకు ఆ సుఖం లేదు.

ఒక బల్ల, మూడు మ్యాగజైన్లు

ఇప్పుడు బల్ల మీద మూడు ఏకే ఉక్కు మ్యాగజైన్లు ఉన్నాయనుకుందాం. మొదటిది బ్లూయింగ్‌తో మెరుస్తోంది, పేరున్న ఫ్యాక్టరీ ముద్ర ఉంది, పక్కన రెండు గాడుల మధ్య గోరంత సొట్ట. రెండోది చైనాది, చదును వీపు, పైన అక్కడక్కడా తుప్పు చుక్కలు, లిప్స్ మాత్రం వంకర పోకుండా, రెండు వైపులా సమానంగా ఉన్నాయి, ప్లాట్‌ఫామ్ వేలితో నొక్కితే అడుగు దాకా వెళ్లి గీరుకోకుండా పైకి వస్తోంది. మూడోది కొత్తగా నల్ల పెయింట్ వేసి ఉంది, ముద్ర కూడా పెయింట్ కింద సగం మునిగింది.

ధర అడిగితే మొదటిదానికే ఎక్కువ పలుకుతుంది. పనితనం అడిగితే రెండోదే ముందు, ఎందుకంటే దాని తుప్పు ఇంకా పైపైనే ఉంది, కదిలే భాగాలకు చేరలేదు. మొదటిదాని సొట్ట లోపల తగులుతుందా లేదా అన్నది ప్లాట్‌ఫామ్ ఆ చోటు దాటేటప్పుడు తెలుస్తుంది. తగలకపోతే అది రెండోదానితో సమానం, తగిలితే ఫ్యాక్టరీ ముద్ర ఏమీ చేయలేదు. మూడోదాని గురించి మాట్లాడటమే దండగ, ఆ పెయింట్ తుప్పు గుంటల మీద వేశారో, మామూలుగా అందం కోసం వేశారో గీకి చూస్తే తప్ప తెలియదు.